చెవితో లెక్కించవలసిన సిలబుళ్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఇంగ్లిష్ ఉచ్చారణ గురించి ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం సిలబుళ్ల, అంటే మాటను పలికేటప్పుడు ఒక్కొక్క దెబ్బలో వచ్చే ముక్కల, లెక్క మీదనే ఉన్నందువల్ల, మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, ఈ నెల శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా పాప రెండో తరగతి చదువుతోంది. ఒక్కొక్క మాటను పలుకుతూ చప్పట్లు కొట్టి, ఎన్ని సిలబుళ్లు ఉన్నాయో రాసుకురమ్మని బడిలో ఇంటిపని ఇచ్చారు. బస్, స్కూల్, ఫిల్మ్ అనే మాటలకు మేమిద్దరం ఎన్నిసార్లు చప్పట్లు కొట్టినా రెండేసి వచ్చాయి, అదే రాశాము. ఒక్కొక్కటే ఉండాలని మూడింటినీ కొట్టేశారు. ఏరియా అనే మాటకు మూడు రాస్తే మాత్రం సరైనదన్నారు. స్కూల్‌ను ఇంగ్లిష్‌లో ఆరు అక్షరాలతో రాస్తారు, ఏరియాను నాలుగింటితోనే రాస్తారు. పెద్ద మాటకు ఒకటి, చిన్న మాటకు మూడు ఎట్లా అవుతాయి?
(ఒక తల్లి, హనుమకొండ)

జవాబు: అమ్మా, మీ చప్పట్లు సరిగానే పడ్డాయి, కానీ అవి ఆ మాటల తెలుగు రూపాలకు పడ్డాయి. బస్సు, స్కూలు, ఫిలిం అని పలికితే ఎవరికైనా రెండేసే వస్తాయి. ఇంగ్లిష్ వారి నోట అవే మాటలు చివరి అచ్చు లేకుండా, మధ్యలో మరో అచ్చు చేరకుండా వస్తాయి కనుక ఒక్కొక్క చప్పట్టుతోనే ముగుస్తాయి.

సిలబుల్‌కు కేంద్రం అచ్చు ధ్వని. ఒక మాటను పలికినప్పుడు ఎన్ని అచ్చులు చెవికి వినబడతాయో ఆ మాటలో అన్ని సిలబుళ్లు ఉన్నట్టు. ఆ అచ్చుకు ముందూ వెనుకా ఎన్ని హల్లులు గుమిగూడినా లెక్క పెరగదు. కాగితం మీది అక్షరాలను చూసి లెక్కించబోతే చిక్కులో పడతాము. ఇంగ్లిష్ లిపిలో అచ్చులుగా చెప్పుకునే అక్షరాలు ఐదే అయినా, బ్రిటిష్ ప్రామాణిక ఉచ్చారణలో అచ్చు ధ్వనులు సుమారు 20 ఉన్నాయి; వాటిలో 12 ఒంటి అచ్చులు, 8 రెండు అచ్చులు జారి కలిసినవి. ఐదు గుర్తులతో 20 ధ్వనులను రాయాలి కనుక ఒకచోట రెండు మూడు అక్షరాలు కలిసి ఒకే ధ్వనిని చూపుతాయి, మరొకచోట ఏ ధ్వనీ లేకుండా ఊరికే నిలబడతాయి, ఇంకొకచోట పక్కపక్కనే ఉండి కూడా విడివిడిగా పలుకుతాయి. స్కూల్‌లోని రెండు ‘ఓ’ అక్షరాలు కలిసి ఒక్క ‘ఊ’ ధ్వని అవుతాయి. ఏరియాలోని మూడు అచ్చు అక్షరాలు దేనికది పలుకుతాయి. వరుసలో నిలబడడాన్ని చెప్పే క్యూ అనే మాటను ఐదు అక్షరాలతో రాస్తారు, అందులో నాలుగు అచ్చులే, అయినా అది ఒకే సిలబుల్.

మీరు అడగకపోయినా స్ట్రెంగ్త్స్ అనే మాటను ఒకసారి నిదానంగా పలికి చూడండి. ఇంగ్లిష్ రాతలో తొమ్మిది అక్షరాలు. ముందు స్, ట్, ర్ అనే మూడు హల్లులు, తరువాత ‘ఎ’ అనే ఒకే అచ్చు, దాని వెనుక మళ్లీ హల్లుల గుంపు. ఊపిరి ఆపకుండా, ఎక్కడా ‘ఉ’ గానీ ‘ఇ’ గానీ చేర్చకుండా పలకగలిగితే అది ఒక్క దెబ్బలో వచ్చే ఒక్క సిలబుల్ అని మీకే తెలుస్తుంది. మనకు అట్లా పలకడం కష్టమనిపించడానికి కారణం మన భాష నడక. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కనుక, బయటినుంచి వచ్చిన మాటకు మనం చివర ఒక అచ్చును తగిలించి ఇంటి మాటగా చేసుకుంటాము. రోడ్డు, పెన్ను, కారు, చెక్కు, బెల్లు అన్నీ ఇంగ్లిష్‌లో ఒక్క సిలబుల్ మాటలే, మన దగ్గర రెండయ్యాయి. మన పల్లెల్లో పెద్దవాళ్లు ఇస్కూలు, ఇస్టేషను అంటారు, అంటే మొదట్లో కూడా ఒక అచ్చు వచ్చి చేరింది. ఉర్దూ, హిందీ మాట్లాడేవారిలో చాలామందికి కూడా ఈ అలవాటు ఉంది. ఇస్కూలులో మూడు సిలబుళ్లు. తెలుగులో మాట్లాడేటప్పుడు ఇవన్నీ సరైన రూపాలే, పాపకు వీటిని తప్పని చెప్పవద్దు. ఇంగ్లిష్ లెక్క అడిగినప్పుడు మాత్రం మనం చేర్చిన అచ్చులను తీసివేసి లెక్కించాలని చెప్పండి.

దీనికి కావలసిన సూత్రం మన ఛందస్సులోనే ఉంది. గురులఘువులు నేర్చుకున్న వారికి పొల్లు హల్లును విడిగా లెక్కించకూడదనీ, అది ముందున్న అక్షరంతో కలిసి దాన్ని గురువుగా చేస్తుందనీ తెలుసు. వరంగల్ అనే పేరును చూడండి. రాతలో వ, రం, గ, ల్ అని నాలుగు గుర్తులు కనబడినా ఛందస్సు లెక్కలో వ, రం, గల్ అని మూడే; ఒక లఘువు, రెండు గురువులు, అంటే యగణం. అదే ఊరిని ఓరుగల్లు అన్నామంటే చివరి ‘ల్’కు అచ్చు దొరికింది కనుక నాలుగు అవుతాయి. బస్, బస్సుల మధ్య ఉన్న తేడా సరిగ్గా ఇదే. ఇంగ్లిష్ మాటను పొల్లులతో సహా తెలుగు లిపిలో రాసి, పొల్లులను పక్కన పెట్టి, మిగిలిన అచ్చులను లెక్కించడం మన పిల్లలకు అన్నిటికంటే సులువైన పద్ధతి అని నా అభిప్రాయం. ఫిల్మ్‌లో ‘ఇ’ ఒక్కటే మిగులుతుంది, స్కూల్‌లో ‘ఊ’ ఒక్కటే.

గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, దవడ ఎన్నిసార్లు దిగిందో చూడమని చాలా బడుల్లో నేర్పుతారు. ‘ఆ’, ‘ఓ’ వంటి అచ్చులకు ఇది బాగా పనిచేస్తుంది; ‘ఇ’, ‘ఈ’లకు దవడ అంతగా కదలదు కనుక దాన్నే నమ్ముకోలేము.

ప్రశ్న: నేను డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థిని. ఇంటర్ వరకు తెలుగు మాధ్యమంలో చదువుకున్నాను. భూతకాల క్రియల చివర వచ్చే ‘ఈ-డీ’ అక్షరాలను వర్కెడ్, వాచెడ్, హెల్పెడ్ అని మేమందరం రెండు సిలబుళ్లుగా పలుకుతాము. కొత్తగా వచ్చిన అధ్యాపకురాలు అవి ఒక్క సిలబులే అంటున్నారు, వాంటెడ్‌కు మాత్రం రెండని ఒప్పుకుంటున్నారు. దీనికి నియమం ఉందా, ఒక్కొక్క మాటా గుర్తుపెట్టుకోవాలా?
(కరీంనగర్)

జవాబు: నియమం ఉంది, అది చాలా గట్టి నియమం. మూల క్రియ ట్ లేదా డ్ ధ్వనితో ముగిస్తేనే ‘ఈ-డీ’ కొత్త సిలబుల్‌ను తెస్తుంది. మిగతా అన్నిచోట్లా అది ఉత్త హల్లుగా ముందు మాటకు అతుక్కుంటుంది. వర్క్‌కు వర్క్ట్, హెల్ప్‌కు హెల్ప్ట్, వాచ్‌కు వాచ్ట్, ప్లేకు ప్లేడ్ అన్నీ ఒక్కొక్క సిలబులే. వాంట్, నీడ్, వెయిట్, ఎండ్ వంటివి ట్, డ్‌లతో ముగుస్తాయి కనుక వాంటిడ్, నీడిడ్, వెయిటిడ్, ఎండిడ్ అని రెండవుతాయి. కారణం నోటిలోనే ఉంది: ట్ తరువాత వెంటనే మరో ట్ గానీ డ్ గానీ వినబడేటట్టు పలకాలంటే మధ్యలో ఒక అచ్చు పడక తప్పదు.

బహువచనానికీ, మూడో పురుష క్రియకూ చేర్చే ‘ఎస్’ విషయంలోనూ ఇదే తర్కం నడుస్తుంది. స్, జ్, ష్, చ్ వంటి ఊదే ధ్వనుల తరువాత మరో స్ వినబడాలంటే అచ్చు కావాలి కనుక బస్‌కు బసిజ్, బ్రష్‌కు బ్రషిజ్, మ్యాచ్‌కు మ్యాచిజ్, పేజ్‌కు పేజిజ్ అని ఒక సిలబుల్ పెరుగుతుంది. బుక్స్, పెన్స్, మంత్స్ అన్నీ ఒక్కటిగానే ఉండిపోతాయి. బట్టలకు వాడే క్లోద్జ్ కూడా ఒక్క సిలబులే. దాన్ని క్లోతెస్ అని రెండుగా పలకడం మన తరగతి గదుల్లో తరచుగా వినబడుతుంది, ఈ అలవాటును వదులుకోవడం మంచిది.

‘ఈ-డీ’ నియమానికి లొంగని మాటలు కొన్ని ఉన్నాయి, అవి చాలావరకు విశేషణాలు. నేకిడ్, వికిడ్ అనేవి రెండేసి సిలబుళ్ల మాటలు. లర్న్ అనే క్రియకు భూతకాల రూపం ఒక్క సిలబులే అయినా, పండితుడైన మనిషిని వర్ణించేటప్పుడు అదే వర్ణక్రమాన్ని లర్నిడ్ అని రెండుగా పలుకుతారు.

మీరు డిగ్రీలో వ్యాకరణం కూడా చదువుతున్నారు కనుక ఇంకో మాట చెబుతాను. వర్ణక్రమంలో చివరి హల్లును ఎప్పుడు రెట్టించాలి అనే ప్రశ్నకు జవాబు కూడా సిలబుళ్లలోనే ఉంది. స్టాప్ ఒక్క సిలబుల్ మాట, అందులో ఒంటి అచ్చు అక్షరం, దాని తరువాత ఒంటి హల్లు. అందుకే స్టాప్ట్ రాసేటప్పుడు ‘పీ’ని రెండుసార్లు రాస్తాము. రెండు సిలబుళ్ల మాటల్లో ఊనిక, అంటే బలంగా ఒత్తి పలకడం, రెండో దాని మీద ఉంటేనే సాధారణంగా రెట్టిస్తారు. బిగిన్‌లో ఊనిక చివర ఉంది, అందుకే బిగినింగ్‌లో ‘ఇంగ్’కు ముందు రెండు ‘ఎన్’లు. విజిట్‌లో ఊనిక మొదట ఉంది, అందుకే విజిటెడ్‌లో ఒకే ‘టీ’. విశేషణాల తరతమ రూపాలు కూడా ఇంతే: టాల్ ఒక్క సిలబుల్ కనుక టాలర్ అవుతుంది, బ్యూటిఫుల్‌లో మూడున్నాయి కనుక ముందు మోర్ చేర్చాలి. రెండు సిలబుళ్ల మాటల్లో హ్యాపీ వలె ‘ఈ’ ధ్వనితో ముగిసేవి సాధారణంగా మొదటి దారి పడతాయి, మిగతావాటిని నిఘంటువులో చూసుకోవాలి.

ప్రశ్న: ప్రభుత్వ పాఠశాలలో ఇంగ్లిష్ బోధిస్తున్నాను. చాక్లెట్‌కు కొందరు పిల్లలు రెండు, కొందరు మూడు రాస్తున్నారు. రెండు నిఘంటువులు తెరిస్తే రెండు రకాలుగా కనబడింది. ఫ్యామిలీ, డిఫరెంట్, కంఫర్టబుల్ కూడా అంతే. ఏది సరైనదిగా దిద్దాలి?
(ఉపాధ్యాయుడు, జగిత్యాల)

జవాబు: చాక్లెట్‌కు రెండూ సరైనవే, రెండింటికీ మార్కులు ఇవ్వండి. నెమ్మదిగా, స్పష్టంగా పలికేవారి నోట చాకొలెట్ అని మూడు వినబడవచ్చు. మామూలు మాటల వేగంలో మధ్యనున్న బలహీనమైన అచ్చు జారిపోయి రెండే మిగులుతాయి. మన తెలుగులోకి ఆ మాట చాక్లెట్‌గానే వచ్చింది కనుక మన పిల్లల చెవికి రెండు తోచడంలో వింత లేదు.

ఇంగ్లిష్‌లో ఊనిక పడిన సిలబుల్ మాత్రమే నిండుగా పలుకుతుంది, దాని పక్కవి నలిగిపోతాయి. ఊనిక సిలబుల్ తరువాత ఒక బలహీనమైన అచ్చు, దాని వెంట ర్, ల్, న్ వంటి హల్లు, ఆ వెంటనే మరో బలహీనమైన అచ్చు వస్తే, మొదటి బలహీనమైన అచ్చు తరచుగా రాలిపోతుంది. ఫ్యామిలీ ఫ్యామ్లీ అవుతుంది, డిఫరెంట్ డిఫ్రెంట్ అవుతుంది, కెమెరా క్యామ్రా అవుతుంది. వీటిలో రెండు లెక్కలూ చెల్లుతాయి. కొన్ని మాటల్లో మాత్రం ఆ అచ్చు ఎప్పుడో శాశ్వతంగా పోయింది, రాతలో గుర్తు మాత్రమే మిగిలింది. బిజ్‌నిస్ రెండే, మనం బిజినెస్ అని మూడు చేస్తాము. వారంలో నాలుగో రోజు ఇంగ్లిష్ వారి నోట వెన్జ్‌డే, రెండు సిలబుళ్లు. వెడ్‌నెస్‌డే అని మూడుగా పలకడం మన అలవాటు. వెజ్‌టబుల్‌కు మూడు, ఎవ్రీకి రెండు. కంఫర్టబుల్‌ను నాలుగుగా పలికేవారు ఉన్నా, కంఫ్‌టబుల్ అని మూడుగా పలకడమే ఎక్కువగా వినబడుతుంది.

ఫైర్, అవర్, పవర్ వంటి మాటల వద్ద ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవారికే ఏకాభిప్రాయం లేదు. ‘ఐ’, ‘ఔ’ వంటి జంట అచ్చు ఒకే సిలబుల్ అన్నది నిశ్చయం, అందుకే టైమ్, బాయ్, కౌ ఒక్కొక్కటే. ఆ జంట అచ్చు వెనుక ర్ వచ్చినప్పుడు మధ్యలో మరో చిన్న అచ్చు పుట్టుకొస్తుంది; దాన్ని విడిగా వినేవారికి రెండు, కలిపి వినేవారికి ఒకటి. ఇటువంటి మాటలను చిన్న తరగతుల ప్రశ్నపత్రంలో పెట్టి ఒక్క జవాబుకే మార్కు ఇవ్వడం పిల్లలకు అన్యాయం చేయడమే. టేబుల్, పెన్సిల్, టొమాటో, ఎలిఫెంట్ వంటి వివాదం లేని మాటలు ఎన్నో ఉన్నాయి, ప్రశ్నలకు వాటినే ఎంచుకోండి.

ఇక నిఘంటువుల సంగతి. మాట మధ్యలో పెట్టే చుక్కలను చాలామంది సిలబుళ్ల హద్దులుగా భావిస్తారు. ముఖ్యంగా అమెరికన్ నిఘంటువుల్లో అవి ముద్రణలో పంక్తి చివర మాటను ఎక్కడ విరవవచ్చో తెలిపే గుర్తులు. పంక్తి చివర ఒక్క అక్షరాన్ని ఒంటరిగా వదలకూడదనే సంప్రదాయం వల్ల, అబౌట్ వంటి రెండు సిలబుళ్ల మాటలో కూడా చుక్క కనబడకపోవచ్చు. లెక్కకు నమ్మవలసింది ఏటవాలు గీతల మధ్య ఇచ్చే ఉచ్చారణ లిపిని. అందులో అచ్చు గుర్తులను లెక్కించి, జంట అచ్చును ఒకటిగా తీసుకోండి. బ్రిటిష్ ధ్వనిశాస్త్రవేత్త డేనియల్ జోన్స్ 1917లో మొదటిసారి వెలువరించిన ఇంగ్లిష్ ఉచ్చారణ నిఘంటువు ఇప్పటికీ కొత్త కూర్పులతో వస్తోంది, అందులో ఒక్కొక్క మాటకు చెల్లే ఉచ్చారణలన్నీ ఇస్తారు. బడి గ్రంథాలయానికి ఒక ప్రతి తెప్పించుకోగలిగితే ఈ తగవులు చాలావరకు తీరతాయి.

ప్రశ్న: రిథమ్ అనే ఇంగ్లిష్ మాటలో ఐదు అచ్చు అక్షరాల్లో ఒక్కటి కూడా లేదు. దానికి రెండు సిలబుళ్లు ఎక్కడినుంచి వచ్చాయి?
(మంచిర్యాల)

జవాబు: మొదటి సిలబుల్‌లో ‘వై’ అక్షరం ‘ఇ’ ధ్వనిని ఇస్తోంది. రెండోదానిలో చివరి ‘ఎమ్’ తానే అచ్చు చేసే పనిని చేస్తోంది. ల్, మ్, న్ అనే ధ్వనులను గాలి ఆపకుండా సాగదీయవచ్చు కనుక అవి అవసరమైనచోట సిలబుల్‌కు కేంద్రం కాగలవు. బాటిల్, లిటిల్, బటన్ మాటల చివర జరిగేది కూడా ఇదే. మన వర్ణమాలలో ఋ, ఌ అనే రెండింటిని అచ్చుల వరుసలో ఎందుకు పెట్టారో ఆలోచించిన వారికి ఇది వెంటనే అర్థమవుతుంది. సంస్కృతంలో అవి ర్, ల్ ధ్వనులే అచ్చులుగా నిలిచిన రూపాలు. అంతర్జాతీయ ధ్వని లిపిలో ఇటువంటి హల్లు కింద చిన్న నిలువు గీత గీస్తారు. నిఘంటువులో ఆ గీత కనబడితే దాన్ని కూడా ఒక సిలబుల్‌గా కలపండి.

ప్రశ్న: ఇదంతా తెలుసుకుని సాధించేదేమిటి? మేము సిలబుళ్లు లెక్కించకుండానే ఇంగ్లిష్ నేర్చుకుని ఉద్యోగాలు చేసి రిటైరయ్యాము.
(కాజీపేట)

జవాబు: చదవడానికీ రాయడానికీ ఈ లెక్క లేకపోయినా పని జరుగుతుంది, అది నిజమే. వినడానికీ, ఎదుటివారికి మన మాట అర్థం కావడానికీ ఇది కావాలి. ఫోటోగ్రాఫ్‌లో మూడు సిలబుళ్లు, ఊనిక మొదటిదాని మీద. ఫటాగ్రఫర్‌లో నాలుగు, ఊనిక రెండోదాని మీదికి జరిగింది. ఫోటోగ్రాఫిక్‌లో కూడా నాలుగే, ఊనిక మూడోదాని మీద. ఊనిక జరిగినప్పుడల్లా పక్క అచ్చులు మారిపోతాయి. తెలుగులో ప్రతి అక్షరానికీ దాని నిడివి ఇచ్చి పలుకుతాము. ఆ అలవాటుతో ఈ మూడు మాటలనూ ఒకే తీరుగా పలికితే, ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న శ్రోత కొంత తడబడతాడు. ఊనిక ఎక్కడ పెట్టాలో తెలియాలంటే ముందు సిలబుళ్లు విడదీయడం రావాలి. మన పిల్లల్లో చాలామంది ఇవాళ ఫోన్ మీదనే ఇంటర్వ్యూలు ఇస్తున్నారు, అక్కడ రాతకు చోటు లేదు.

పుస్తకం ఎంత కఠినంగా ఉందో కొలవడానికి కూడా ఇంగ్లిష్‌లో ఈ లెక్కనే వాడతారు. సులభ రచన గురించి రాసిన రుడాల్ఫ్ ఫ్లెష్ అనే రచయిత 1948లో ప్రకటించిన సూత్రం ప్రకారం, 206.835 నుంచి వాక్యానికి సగటు మాటల సంఖ్యను 1.015తో, మాటకు సగటు సిలబుళ్ల సంఖ్యను 84.6తో గుణించి తీసివేస్తే వచ్చే అంకె ఎంత పెద్దదైతే ఆ రచన అంత సులభం. ఈ సూత్రాన్ని తెలుగుకు అన్వయించాలని ఎవరైనా సలహా ఇస్తే అంగీకరించకండి. ‘వెళ్లవలసివచ్చినందువల్ల’ అనే ఒక్క మాటలో పదకొండు సిలబుళ్లు ఉన్నాయి, అయినా దాన్ని బడి పిల్లవాడు కూడా అవలీలగా అర్థం చేసుకుంటాడు. ప్రత్యయాలు అతుక్కుంటూ పోయే భాషలో మాట పొడవు కాఠిన్యానికి కొలత కాదు. మాటకు సగటున నాలుగు సిలబుళ్లు పడితే చాలు, ఆ సూత్రంలో తీసివేయవలసిన మొత్తం 338 దాటి, మన రచన సున్న కంటే దిగువన తేలుతుంది.

ప్రశ్న: ఇంజినీరింగ్ విద్యార్థిని. ఇంగ్లిష్ మాటల సిలబుళ్లు లెక్కించే చిన్న ప్రోగ్రాం రాస్తున్నాను. పక్కపక్కన ఉన్న అచ్చు అక్షరాలను ఒక గుంపుగా లెక్కించి, చివరి ‘ఈ’ని తీసివేస్తున్నాను. చాలావరకు సరిపోతోంది గానీ కొన్ని మాటలకు తప్పు వస్తోంది. నియమాలు ఇంకా పెంచాలా?
(వరంగల్)

జవాబు: నియమాలు ఎన్ని పెంచినా పూర్తి ఫలితం రాదు, ఎందుకంటే మీ ప్రోగ్రాం చూస్తున్నది రాతను. సైన్స్‌లో ‘ఐ-ఈ’ని ఒక గుంపుగా తీసుకుని చివరి ‘ఈ’ని తీసివేస్తే ఒకటి వస్తుంది, నిజానికి రెండు. ఏరియాకు రెండు వస్తుంది, నిజానికి మూడు. రెసిపీలో చివరి ‘ఈ’ పలుకుతుంది కనుక రెండుకు బదులు మూడు రావాలి. బిజినెస్‌కు మూడు వస్తుంది, నిజానికి రెండు.

అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం లక్షా ముప్పై వేలకు పైగా మాటల ఉచ్చారణ నిఘంటువును కంప్యూటర్ వాడకానికి ఉచితంగా అందుబాటులో ఉంచింది. అందులో ప్రతి అచ్చు ధ్వని చివర 0, 1, 2 అంకెల్లో ఒకటి ఉంటుంది. 1 ప్రధానమైన ఊనికకు, 2 దానికంటే తేలికైన ఊనికకు, 0 ఊనిక లేనిదానికి గుర్తు. ఆ అంకెలు ఎన్ని ఉన్నాయో లెక్కించారంటే సిలబుళ్ల సంఖ్య వచ్చేసినట్టే. రిథమ్, బాటిల్ వంటివాటికి కూడా అందులో రెండో అచ్చును చూపారు కనుక అవి కూడా సరిగా వస్తాయి. ముందు మాటను ఆ నిఘంటువులో వెతికించండి, దొరకనప్పుడే మీ నియమాలను వాడించండి. రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. అది అమెరికన్ ఉచ్చారణ, మన పాఠ్యపుస్తకాలు బ్రిటిష్ పద్ధతిని అనుసరిస్తాయి. కొన్ని మాటలకు అందులో ఒకటి కంటే ఎక్కువ ఉచ్చారణలు ఉన్నాయి. ప్రోగ్రాం మొదటిదాన్నే తీసుకుని ఆగిపోకుండా, వేర్వేరు సంఖ్యలు వచ్చినప్పుడు రెండింటినీ చూపేటట్టు రాయండి.